పాప బరువు ఏ గడిలో రాయాలి?

మమ్మల్ని సువార్త సేవకు ఆఫ్రికాలోని మలావీకి పంపిన మా మిషన్ కమిటీ వాళ్ళు నెలనెలా నింపి పంపమనే ఫారంలో ఏడు గడులుంటాయి. గృహ సందర్శనలు ఎన్ని, ప్రార్థన కూటాలు ఎన్ని, కొత్త ఆత్మలు (అంటే కొత్తగా నమ్మినవాళ్ళు) ఎన్ని, బాప్తిస్మాలు ఎన్ని, పంచిన కరపత్రాలు ఎన్ని, ఖర్చెంత, ప్రార్థన అంశాలేమిటి. 2022 అక్టోబరు నెలకు మా ఆయన మొదటి అయిదు గడుల్లో సున్నాలు పెట్టారు. చివరి గడిలో ఇలా రాశారు: "పాప బరువు 6 కిలోల 900 గ్రాములు. పోయిన నెల కంటే అర కిలో పెరిగింది. దేవునికి స్తోత్రం."

రెండు రోజులకు ఒంగోలు నుంచి ఫోన్ వచ్చింది. కమిటీలో పెద్దాయన. మంచి మనిషి, మా పెళ్ళి చేసినాయన. "బ్రదర్, ఇది ఆదివారం సంఘంలో చదివి వినిపించాలి కదా. పాప బరువని ఏమని చదవమంటావు?" అన్నారు. స్పీకర్ ఆన్‌లో ఉంది. పాప నా ఒళ్ళో ఉంది. మా ఆయన ఏదో సర్దిచెప్పారు. నేనేమీ అనలేదు.

ఆ రోజు అనాల్సింది ఇన్నాళ్ళకు రాస్తున్నాను. కారణం ఉంది. మా దగ్గరికే మన జిల్లా నుంచి ఇంకో జంట రాబోతోంది. వచ్చేనాటికి వాళ్ళ బాబుకు నాలుగు నెలలు నిండుతాయి. వాళ్ళకూ అదే ఫారం ఇచ్చారట. పైగా 'మొదటి ఏడాది లక్ష్యాలు' అని ఇంకో కాగితం. ఆ అమ్మాయి దాన్ని ఫొటో తీసి నాకు పంపి, కింద ఒకే ప్రశ్న పెట్టింది: "అక్కా, ఇవన్నీ అవుతాయా?"

అవవు. అవ్వాలని అడగనూ కూడదు. పసిబిడ్డతో పరాయి దేశం వెళ్ళిన కుటుంబానికి మొదటి ఏడాది పని ఆ బిడ్డను నిలబెట్టుకోవడం, తల్లి నిలదొక్కుకోవడం, ఆ ఊరి మాట నేర్చుకోవడం. ఆ ఏడాదికి అదే సేవ. ఇది ఒప్పుకోలేని కమిటీ చంటిబిడ్డ ఉన్నవాళ్ళను పంపకూడదని నా గట్టి నమ్మకం.

మేము మలావీకి వచ్చింది 2022 జులైలో. పాపకు అయిదో నెల. బ్లాంటైర్ నగరాన్ని ఆనుకుని లింబే అని ఉంది, గుజరాతీ షాపులన్నీ అక్కడే. దానికి కాస్త అవతల మా ఇల్లు. దిగిన మర్నాడు పొద్దున్నే గుమ్మం బయట "ఓడీ!" అని వినపడింది. ఇక్కడ తలుపు కొట్టరు, ఓడీ అని పిలుస్తారు. లోపలివాళ్ళు "ఓడీనీ" అంటే వస్తారు. నాకది తెలియదు కదా, లోపలే నిలబడిపోయాను. ఆవిడ బయటే నిలబడింది. కాసేపటికి మా ఆయన వెళ్ళి తలుపు తీశారు.

పక్కింటావిడ. ముగ్గురు పిల్లల తల్లి. చేతిలో గిన్నె, గిన్నెలో ఉడకబెట్టిన కందికాయలు. వీళ్ళు నండోలో అంటారు, మొక్కజొన్నలో అంతరపంటగా వేస్తారు. ఇక్కడి కందులు ఓడలెక్కి మన దేశానికే వస్తాయి. ఏడాదికి 50,000 టన్నులు కొంటామని 2021లో మన ప్రభుత్వం ఒప్పందం కూడా చేసుకుంది. ప్రకాశం జిల్లాలో పుట్టినదాన్ని, కందికాయలు వలుచుకు తినడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ గిన్నె చూడగానే ఏడుపొచ్చింది.

ఆవిడ పాపను చూసింది, నన్ను చూసింది. మా పేర్లు అడగలేదు. ఎందుకొచ్చారనీ అడగలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో "మీ అమ్మ ఏది?" అంది. ఊళ్ళో ఉందన్నాను. "అత్తగారు?" ఆవిడా ఊళ్ళోనే. "మరి బిడ్డను ఎవరు పట్టుకుంటారు?"

మమ్మల్ని పంపడానికి ముందు కమిటీ మూడుసార్లు కూర్చుంది. పాస్‌పోర్టులు, పర్మిట్, నెలకు ఎంత, మోటార్‌సైకిల్ ఎప్పుడు కొనాలి, అన్నీ మాట్లాడారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆవిణ్ణి నేను అమాయి అంటాను. ఇక్కడ పెద్ద ఆడవాళ్ళందర్నీ అలాగే పిలుస్తారు. వినడానికి మన అమ్మాయిలా ఉంటుంది కానీ అర్థం అమ్మ.

ఆఫ్రికా అంటే ఎండలే అనుకుని పాపకు పల్చటి జుబ్బాలు తెచ్చాను. జులైలో ఇక్కడ చలికాలం. మొజాంబిక్ వైపు చిపెరోని అనే కొండ ఉంది. అటునుంచి వచ్చే మంచుకూ, సన్నటి తుంపరకూ కూడా ఇక్కడివాళ్ళు ఆ కొండ పేరే పెట్టారు. చిపెరోని పట్టిందంటే మూడు నాలుగు రోజులు ఎండ మొహం కనపడదు. గుడ్డలు ఆరవు. ఒంగోలులో గంటలో ఆరిపోయే లంగోటీ ఇక్కడ రెండో రోజుకీ చెమ్మగానే ఉంటుంది.

చెమ్మ ఒక్కటే అయితే ఫర్వాలేదు. పుట్సీ అని ఒక ఈగ ఉంది. ఆరేసిన తడిగుడ్డల మీద గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డ ఒంటికి తగిలితే పురుగు చర్మంలోకి దూరి కురుపు లేస్తుంది. దానికి విరుగుడు ఇస్త్రీ. ఒంటికి తగిలే ప్రతి గుడ్డనూ రెండువైపులా, ముఖ్యంగా కుట్ల దగ్గర, వేడిగా ఇస్త్రీ చెయ్యాలి. కానీ కరెంటేదీ? ఆ ఏడాది జనవరిలో అనా తుఫాను వరదకు కపిచిరా జలవిద్యుత్ కేంద్రం దెబ్బతింది. సుమారు 130 మెగావాట్ల కేంద్రం. ఈ చిన్న దేశానికి అది చాలా పెద్ద దెబ్బ. రోజులో సగం కరెంటు ఉండేది కాదు. అమాయి వాళ్ళింట్లో బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఉంటే అడిగి తెచ్చుకున్నాను. చిన్నప్పుడు మా వీధి చివర ఇస్త్రీ బండి మీద చూశాను అలాంటిది, మళ్ళీ చేత్తో పట్టుకుంటాననుకోలేదు.

పాప పడుకున్నాక మొదలుపెట్టేదాన్ని. ముందు బొగ్గులు రాజెయ్యాలి. పొగ పోయేదాకా బయట ఉంచాలి, లేకపోతే గుడ్డలకు ఆ వాసన పట్టి పాప తుమ్ముతుంది. మూత వేసి పక్కకు ఊపితే బొగ్గులు ఎర్రబడతాయి. మరీ ఊపితే కన్నాల్లోంచి నిప్పురవ్వ ఎగిరి గుడ్డ మీద పడుతుంది. మా అమ్మ తన పాత వాయిలు చీర చింపి కుట్టిన పక్కగుడ్డ ఒకటి అలాగే చిల్లు పడింది. రోజుకు ఇరవై గుడ్డలు, రెండువైపులా. గంటన్నర. అది అయ్యాక తాగే నీళ్ళు మరగబెట్టడం. ఆ ఏడాది మార్చిలో మొదలైన కలరా ఈ దేశం ఎన్నడూ చూడనంత పెద్దదైంది. 1,700 మందికి పైగా చనిపోయారు. 2023 జనవరిలో బ్లాంటైర్‌లోనూ రాజధాని లిలాంగ్వేలోనూ బడులు రెండు వారాలు ఆలస్యంగా తెరిచారు. తాగే నీళ్ళే కాదు, పాప నోరు తుడిచే గుడ్డ తడిపే నీళ్ళు కూడా మరగాల్సిందే.

మా ఆయన ఏం చేస్తున్నారని అడుగుతారు. పొద్దున భాష క్లాసు, మధ్యాహ్నం పర్మిట్ ఆఫీసు చుట్టూ తిరగడం, సాయంత్రం నీళ్ళు మొయ్యడం. దాంతోపాటు కమిటీ చెప్పిన సందర్శనలు. మొదటి రెండు నెలలు లెక్క కుదరాలని ఆయన చాలా కష్టపడ్డారు. ఆగస్టు ఫారంలో గడులన్నీ నిండాయి. సెప్టెంబరులో పాప తగ్గిపోయింది.

పిల్లల్ని తూచే రోజును ఇక్కడ సికెలో అంటారు. ఇంగ్లీషు స్కేలే అది. చెట్టుకొమ్మకు గుండ్రటి కాటా వేలాడదీస్తారు. బిడ్డకు గుడ్డసంచీ లాంటి లాగు తొడిగి ఆ కొక్కేనికి తగిలిస్తారు. తల్లులందరూ చుట్టూ కూర్చుని పాటలు పాడతారు. పాలు పట్టడం, చేతులు కడుక్కోవడం, టీకాలు, అన్నీ ఆ పాటల్లోనే ఉంటాయి. ప్రతి బిడ్డకూ హెల్త్ పాస్‌పోర్టు అని ఒక చిన్న పుస్తకం. అందులో గీతల పేజీ మీద నర్సు నెలనెలా ఒక చుక్క పెట్టి, పోయిన నెల చుక్కతో కలుపుతుంది. ఆగస్టులో 6 కిలోల 600. సెప్టెంబరులో కాటా ముల్లు 6 కిలోల 400 దగ్గర ఆగింది. నర్సు చుక్క పెట్టింది. గీత గీసింది. కిందికి పోయింది గీత. రెండొందల గ్రాములు అంటే ఎంత, ఒక టీ పొడి ప్యాకెట్. కానీ ఆ గీత కిందికి వంగడం చూసిన తల్లికి అది ఎంతో నేను చెప్పలేను.

అంతకుముందు జరిగింది చెప్పాలి. ఒక శనివారం మా ఆయన దూరంగా ఒక పల్లెకు వెళ్ళారు. రాత్రి అక్కడే ఉండాలి. పాపకు నాలుగు రోజులుగా విరేచనాలు, ఆ రోజుకి కాస్త నిమ్మళించాయి. సాయంత్రం ఒళ్ళు కాలిపోవడం మొదలైంది. ఫోన్ కలవదు. దీపం వెలుగులో థర్మామీటరు 103 చూపించింది. నేను గుమ్మంలోకి వెళ్ళి, పక్కింటి వైపు తిరిగి, నాకు వచ్చిన ఒకే ఒక మాట గట్టిగా అరిచాను. "ఓడీ! ఓడీ!" ఇంటి లోపలినుంచి ఓడీ అనకూడదు, బయటినుంచి వచ్చేవాళ్ళు అనాలి. అయినా అమాయి పరుగెత్తుకొచ్చింది.

పాపను నా చేతుల్లోంచి తీసుకుని, ముందుకు వంగి, వీపున వేసుకుని, చిటెంజె గుడ్డ చుట్టి ముడేసింది. ముందు నడిచింది. నేను పుస్తకం, పాల సీసా, చిల్లర పట్టుకుని వెనక. రోడ్డు మీద మినీబస్సు దొరికింది. క్లినిక్‌లో పాప వేలికి సూది గుచ్చి ఒక్క చుక్క నెత్తురు తీశారు. పావుగంట కూర్చోమన్నారు. ఆ పావుగంటసేపూ అమాయి పాపను దించలేదు, అటూ ఇటూ ఊగుతూ నిలబడే ఉంది. రెండు గీతలు పడ్డాయి. మలేరియా. మాత్రలు ఇచ్చారు, రోజుకు రెండు పూటలు, మూడు రోజులు. మలేరియా టీకాను పిల్లలకు మామూలు టీకాలతో కలిపి ఇవ్వడం ప్రపంచంలో మొదట మొదలుపెట్టింది ఈ దేశమే, 2019 ఏప్రిల్‌లో. కానీ అప్పటికి కొన్ని జిల్లాలకే ఉండేది, మాకు అందలేదు.

చిచేవా భాషలో కుబెరెకా అనే మాటకు బిడ్డను కనడం అనీ అర్థం, వీపున కట్టుకుని మొయ్యడం అనీ అర్థం. ఆ రాత్రి దాకా నాకిది తెలియదు. తిరిగొచ్చేటప్పుడు మినీబస్సులో ఎవరో అమాయిని ఆ మాటతో ఏదో అడిగారు. ఆవిడ నన్ను చూపించి, తర్వాత తన వీపు చూపించింది.

ఆ తర్వాత నెల రోజులు మా ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. ఇస్త్రీ ఆయన తీసుకున్నారు. నేను రాత్రి నిద్రపోగలిగాను. అమాయి ఫాలా కాచడం నేర్పింది. మొక్కజొన్న పిండి జావ, అందులో న్సింజిరో, అంటే దంచిన వేరుశనగ పొడి. ఇంకాస్త ఉసిపా పొడి. ఉసిపా మలావీ సరస్సు చేప, అచ్చం మన మెత్తళ్ళే. ఎండబెట్టి అమ్ముతారు. చంటిదానికి ఎండు చేపేంటని మొదట భయపడ్డాను. ఆవిడ తలలు గిల్లి, వేయించి, మెత్తగా దంచి, చిటికెడు జావలో కలిపి నా ముందే పాపకు పెట్టింది. పాప ఇంకా కావాలని నోరు తెరిచింది. అక్టోబరు సికెలోలో 6 కిలోల 900.

ఆ అర కిలోనే మా ఆయన చివరి గడిలో రాశారు.

ఫోన్లో ఆ రోజు పెద్దాయన ఇంకో మాట కూడా అన్నారు, ప్రేమగానే. "ఆ రోజుల్లో దొరలు, దొరసానులు చంటిపిల్లల్తో రాలేదా అమ్మా? వాళ్ళంత త్యాగం చేస్తేనే కదా మనం ఇవాళ ఇలా ఉన్నాం." కాదనను. 1866లో అమెరికా మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి ఉండకపోతే, 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోకపోతే, మా ఇంట్లో బైబిలూ ఉండేది కాదు, చదువూ ఉండేది కాదు. ఆ కథలు వింటూ పెరిగినదాన్ని. అందుకే వాటిని సగం చెప్పి ఆపొద్దంటున్నాను.

ఇంగ్లండు నుంచి బెంగాల్ వచ్చి బైబిలు తర్జుమా చేసిన విలియం కేరీగారి కథ మన సంఘాల్లో తెలియనివాళ్ళు లేరు. ఆయన భార్య డొరొతీ గురించి ఒకే వాక్యం చెబుతారు: ఆమెకు మతి చలించింది, అయినా ఆయన తర్జుమా ఆపలేదు. ఆ 'అయినా' దగ్గరే నా పేచీ. ఆమె వైపు నుంచి చూడండి. 1793 వసంతంలో ఆమె నిండు గర్భిణి. రానని చెప్పింది. ఆయన పెద్దకొడుకును తీసుకుని బయల్దేరారు. ఓడ ఆలస్యమై వెనక్కి వచ్చి మళ్ళీ అడిగేసరికి ఆమె ఒళ్ళో వారాల పసికందు. అప్పుడామె ఒక షరతు పెట్టింది, చెల్లెలు కూడా వస్తే వస్తానంది. పచ్చి బాలింత అడిగిన సాయం అది. చెల్లెలు వచ్చింది. కానీ బెంగాల్ చేరిన కొద్దికాలానికే ఆ చెల్లెలికి పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళిపోయింది. 1794లో అయిదేళ్ళ కొడుకు పీటర్ విరేచనాలతో చనిపోయాడు. ఆ తర్వాత డొరొతీ కోలుకోలేదు. 1807లో చనిపోయేదాకా ఆమె అదే స్థితిలో ఉంది. ఇది కేరీగారి శ్రమల జాబితాలో ఒకటిగా ఎందుకు చెబుతారు? ఇది ఆమె శ్రమ. ఆమె అడిగింది, చివరిదాకా అందలేదు.

ఇక్కడ మిషనరీ లివింగ్‌స్టన్ పేరు అడుగడుగునా వినిపిస్తుంది. మేముండే బ్లాంటైర్‌కు ఆ పేరు ఆయన స్కాట్లాండులో పుట్టిన ఊరి మీద పెట్టిందే. ఆయన భార్య మేరీ ఎడారి ప్రయాణం నుంచి వచ్చి 1850లో కన్న ఆడపిల్ల ఆరు వారాలకు పోయింది. మరుసటి ఏడు మళ్ళీ గర్భంతో ఉన్న ఆమెను కలహారి దాటించారు, దారిలోనే ప్రసవమైంది. 1862లో జాంబెజీ ఒడ్డున షుపంగాలో జ్వరంతో చనిపోయింది, సమాధి అక్కడే ఉంది. ఆ తర్వాత ఆయన పేరు మీద 1875లో సరస్సు ఒడ్డున కేప్ మెక్లియర్‌లో మిషన్ పెట్టారు. మలేరియాకు మనుషులు పోతుంటే ఆరేళ్ళకు బండావేకు, 1894లో అక్కడినుంచి కొండ మీదికి మార్చారు. ఒక మిషన్ మొత్తాన్ని జ్వరానికి భయపడి రెండుసార్లు మార్చుకోవచ్చు, అది వివేకం. తల్లి బిడ్డ జ్వరానికి భయపడి ఒక నెల గడపలో కూర్చుంటే అది విశ్వాసలోపం ఎలా అవుతుంది?

దొరల సంగతి ఎందుకు, మనవాళ్ళే ఉన్నారు. 1903లో నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు తమ సొంత కానుకలతో జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. అక్కడ చెరుకు తోటల్లో, తేయాకు తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ కోసం. కియర్స్‌నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఆయన చేతుల మీదే మొదలైంది. 1915లో ఆయన ఆ దేశంలోనే కన్నుమూశారు. ఆయన వెంట వెళ్ళిన భార్య కనకమ్మగారు. ఆమె గురించి వెతికి వెతికి చదివాను. పేరు దొరికింది. ఓడలో ఎలా గడిచింది, పిల్లలకు జ్వరం వస్తే ఎవరు పట్టుకున్నారు, గుడ్డలు ఎలా ఆరేవి, నేను చదివినవాటిలో ఒక్క వాక్యం లేదు. రిపోర్టులో గడి లేకపోతే ఇలాగే అవుతుంది. వందేళ్ళ తర్వాత నాలాంటిది వెళ్ళేటప్పుడు అడిగి తెలుసుకోవడానికి ఏమీ మిగలదు.

నా సంగతీ దాచను. ఆ సెప్టెంబరులో మధ్యాహ్నం పూట గోడ చూస్తూ కూర్చునేదాన్ని. పాప ఏడుస్తుంటే వినపడేది కానీ లేవబుద్ధి అయ్యేది కాదు. అమ్మ వీడియో కాల్ చేస్తే నెట్ బాగాలేదని అబద్ధం చెప్పి పెట్టేసేదాన్ని. ఊళ్ళో ఉంటే బాలింత అని అయిదో నెల దాకా ఒక చెయ్యి ఎప్పుడూ సాయం ఉండేది. నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టి పాపకు నీళ్ళు పోసేది మా అమ్మ, సాంబ్రాణి పొగ వేసేది అత్తయ్య. నేను పాలు ఇచ్చి పడుకుంటే చాలు. అదంతా ఒక్క విమాన ప్రయాణంతో పోయింది. ప్రార్థన చేస్తే తగ్గుతుందన్నారు ఫోన్లో. ప్రార్థన చేశాను. నిద్ర దొరికాక తగ్గింది. రెండూ దేవుడిచ్చినవే అని నమ్ముతాను.

"ఇక్కడి తల్లులందరూ ఇలాగే పెంచుతున్నారు కదా, నీకేంటి ప్రత్యేకం" అని ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడి తల్లులు నాకంటే చాలా తక్కువతో పెంచుతున్నారు. కానీ ఒంటరిగా పెంచడం లేదు. అమాయికి తల్లి వీధి చివరే ఉంది, అక్క వెనకింట్లో ఉంది. బిడ్డ ఒక వీపు మీంచి ఇంకో వీపు మీదికి మారుతూనే ఉంటుంది. ఆ వరుసలోంచి మమ్మల్ని మేమే ఊడదీసుకుని వచ్చాం.

పాపను నాయనమ్మ దగ్గర ఉంచి వెళ్ళమని మాకూ చెప్పారు. అత్తయ్య కూడా కళ్ళనీళ్ళతో అడిగారు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్ళి అక్కడ వేరేవాళ్ళ పిల్లల్ని పెంచుతూ, సొంత బిడ్డను ఫోన్లో చూసుకునే తల్లులు ఎంతమంది లేరు! వాళ్ళను నేను ఒక్క మాట అనను. అప్పు వాళ్ళను పంపింది. మాకు అప్పు లేదు. మేము కోరి వచ్చాం. కోరి వచ్చినవాళ్ళం బిడ్డను వదిలి వస్తే, ఏ ప్రేమ గురించి చెప్పడానికి వచ్చామో అది మా నోటి నుంచి ఎవరు వింటారు?

ఇక త్యాగం మాట. మమ్మల్ని సాగనంపిన ఆదివారం ప్రసంగం కొడుకు ఇస్సాకును బలివ్వబోయిన అబ్రాహాము మీద. పాపను చేతుల్లోకి తీసుకుని, "ఈ బిడ్డను వీళ్ళు బలిపీఠం మీద పెడుతున్నారు" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. ఇప్పుడైతే అనను. ఆ కథలో దేవుడు కత్తి ఆపాడు. పిలుపు వచ్చింది మాకు. పాపకు రాలేదు, అడిగితే చెప్పే వయసూ కాదు. మా పిలుపుకు దాని ఒళ్ళు అర్పించే హక్కు మాకు లేదు.

బైబిల్లోని హన్నా కథ కూడా ఇలాగే సగం చెబుతాం. కొడుకును దేవునికి ఇచ్చేసిన తల్లి అని ప్రతి పిల్లల ప్రతిష్ఠలోనూ వింటాం. మొదటి సమూయేలు మొదటి అధ్యాయం మధ్యలో ఇంకొకటి ఉంది. బిడ్డ పుట్టాక ఏటేటా వెళ్ళే బలికి భర్త ఎల్కానా ఇంటిల్లిపాదినీ తీసుకుని షిలోహుకు బయల్దేరాడు. హన్నా వెళ్ళలేదు. బిడ్డ పాలు మానేదాకా రానంది. మొక్కుకున్నది ఆమే, వరం పొందింది ఆమే, అయినా దేవుని మందిరానికే రానని ఇంట్లో కూర్చుంది. ఎల్కానా ఏమన్నాడు? నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి, పాలు మాన్పించేదాకా ఆగు అన్నాడు. రిపోర్టు అడగలేదు. ద్వితీయోపదేశకాండం 24లో అయితే కొత్తగా పెళ్ళైనవాణ్ణి ఏడాదిపాటు యుద్ధానికి పంపొద్దని, ఏ పనీ మీద పెట్టొద్దని, ఇంట్లో ఉండి భార్యను సంతోషపెట్టమని ధర్మశాస్త్రమే చెప్పింది. యుద్ధానికే ఏడాది ఆగమన్న దేవుడు కరపత్రాలకు ఆగడా?

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి, ఇది నాకు చాలా ముఖ్యం. సికెలో వరుసలో కూర్చునే నేను చిచేవా నేర్చుకున్నాను. మా ఆయన క్లాసులో ఆర్నెల్లు చదివినదానికంటే నాకు ఎక్కువ మాటలు వచ్చాయి. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫానుకు బ్లాంటైర్ కొండవాలు ఇళ్ళు బురదలో కొట్టుకుపోయాయి. సహాయ శిబిరంలో పనికి వెళ్ళిన తల్లులు తమ పిల్లల్ని నా దగ్గర వదిలి వెళ్ళారు. సికెలోలో నన్ను చూసినవాళ్ళు కాబట్టి వదిలారు. ఆ నెల మా ఫారం గడులన్నీ నిండిపోయాయి, ఒంగోలులో చదివి వినిపించారట. "పాప ద్వారా దేవుడు ఎన్ని తలుపులు తెరిచాడో సాక్ష్యం రాసి పంపు సిస్టర్" అన్నారు.

రాయలేదు. బలి అన్నప్పుడు ఎంత తప్పో, తాళంచెవి అన్నప్పుడూ అంతే తప్పు. తలుపులు తెరుచుకోకపోయినా ఆ అర కిలో అర కిలోనే. ఒక్క తల్లీ నాతో మాట్లాడకపోయినా ఆ ఇస్త్రీ, ఆ నీళ్ళు, ఆ రాత్రి మేలుకోవడం దేవుని ముందు లెక్కకు వచ్చే పనే. పాప ఫలితాలు తెస్తేనే దాన్ని పెంచిన టైమ్‌కు విలువ అంటే, ఫలితాలు తేని పిల్లల సంగతేంటి? జబ్బుతో పుట్టిన బిడ్డ ఉన్న కుటుంబం ఏమని రాసుకోవాలి ఆ గడిలో?

పెద్దాయనకు పోయిన వారం ఉత్తరం రాశాను. మర్యాద తప్పకుండా, కానీ ఏదీ దాచకుండా. కొత్త జంటకు ఇచ్చిన లక్ష్యాల కాగితం వెనక్కి తీసుకోండి. బాబు పాలు మానేదాకా మొదటి అయిదు గడులు అడగొద్దు. అడగాలనిపిస్తే బాబు బరువెంత, అమ్మాయి నిద్రపోతోందా, అబ్బాయి ఇంట్లో ఉంటున్నాడా అని అడగండి, అది ఆదివారం సంఘంలో చదవండి, ప్రార్థన చెయ్యండి. స్త్రీల సమాజం వాళ్ళు చదివి వినిపిస్తే ఇంకా మంచిది, వాళ్ళకు అర్థమవుతుంది. మోటార్‌సైకిల్‌కు పోగుచేసిన డబ్బుతో ముందు ఆ అమ్మాయి వాళ్ళమ్మకో అత్తగారికో టికెట్ కొనండి. మూడు నెలలు చాలు. డొరొతీ చెల్లెల్ని అడిగింది. ఈ అమ్మాయి మొహమాటానికి అడగలేకపోతోంది, ఆమె తరఫున నేను అడుగుతున్నాను.

ఆయన ఫోన్ చేశారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు నేను కూటాల మీద ఉన్నానమ్మా, పదకొండో రోజు చూశాను దాన్ని" అన్నారు. కమిటీలో పెడతానన్నారు.

మా ఆయన నిన్న లింబే వెళ్ళి కొత్త దోమతెర తెచ్చారు. నేను బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఒకటి కొని ఉంచాను. కరెంటు ఇప్పుడు అప్పటికంటే నయమే, అయినా ఉంటే మంచిది. అమాయి ఒక చిటెంజె తీసి పక్కన పెట్టింది, ఆకుపచ్చది, కొత్తది. సాయంత్రం గుమ్మంలో కూర్చుని ఉసిపా తలలు గిల్లుతూ, మగపిల్లాడా ఆడపిల్లా, ఎన్నో నెల, అని అడిగింది. చెప్పాను. తర్వాత, నన్ను మొదటి రోజు అడిగిందే అడిగింది. "వాళ్ళమ్మ వస్తోందా?"

ఇంకా తెలియదన్నాను.

"నేనున్నాను. కానీ నువ్వు మళ్ళీ అడుగు" అంది.

అడుగుతున్నాను.